మంచులో పిట్టలు పట్టబోయినవాడు: పాతకాలపు లోకాల్లో స్లో బర్న్ ప్రేమకథ

లెస్బోస్ దీవిని మంచు ముంచెత్తింది. దారులు మూసుకుపోయాయి, మందలు కొట్టాల్లోనే ఉన్నాయి, జనం చలిమంట ముందు నుంచి లేవడం లేదు. ఊరందరికీ ఇది సెలవుల్లాంటిదే, ఒక్క దాఫ్నిస్‌కి తప్ప, ఎందుకంటే మేకల్ని తోలుకెళ్తేనే వాడికి గొర్రెలు కాసే క్లోయి కనపడేది. ఇక ఉండబట్టలేక, ఉచ్చులూ జిగురూ పట్టుకుని, వాళ్లింటి ముందు చెట్ల దగ్గర పిట్టలు పట్టే మిషతో మంచులో నడుచుకుంటూ వెళ్తాడు. పిట్టలు బోలెడు పడతాయి. తలుపు మాత్రం తెరుచుకోదు. లోపలికి వెళ్లి ఏమని చెప్పాలి? నిప్పు కోసం వచ్చానంటే, నీకు దగ్గర్లో ఇళ్లే లేవా అంటారు. తిండి అడిగితే, నీ సంచి నిండా తిండే ఉంది కదా అంటారు. ద్రాక్షసారా అంటే, మొన్ననేగా మీ ఇంట్లో కొత్తది తీశారంటారు. ఒక్కో సాకునీ తనే ఎత్తుకుని తనే కొట్టేసుకుని, చివరికి వెనక్కి తిరగబోతుండగా లోపల ఒక కుక్క మాంసం ముక్క ఎత్తుకుపోతుంది, దాన్ని తరుముతూ క్లోయి పెంపుడు తండ్రి ద్రూయాస్ కర్రతో బయటికొస్తాడు, వీణ్ని చూసి ఆనందపడిపోయి లోపలికి లాక్కెళ్తాడు.

ఇది లాంగస్ అనే గ్రీకు రచయిత దాదాపు 2వ శతాబ్దంలో రాసిన కథలోది. లోపలికెళ్లాక ఇంకా బావుంటుంది. క్లోయి అందరికీ సారా పోసి, దాఫ్నిస్‌కి ఆఖర్న ఇస్తుంది, ఇంత దూరం వచ్చి తనని చూడకుండానే వెళ్లిపోబోయాడని కోపం నటిస్తూ. అయితే గిన్నె చేతికిచ్చే ముందు తనొక గుక్క తాగి ఇస్తుంది. ఆ రాత్రి పిల్ల తల్లి పక్కన, దాఫ్నిస్ ద్రూయాస్ పక్కన పడుకుంటారు, పాపం వాడు నిద్రలో ఆ ముసలాయన్నే క్లోయి అనుకుని కావలించుకుంటాడు. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి కామెడీ ఇది, ఇప్పటికీ పేలుతుంది.

స్లో బర్న్ అని ఇప్పుడు అందరూ వాడుతున్న మాటకి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. ఇద్దరి మధ్యా ప్రేమ కుంపట్లో బొగ్గులా నెమ్మదిగా రాజుకోవడం, చదివేవాళ్లకి వాళ్లకంటే ముందే విషయం తెలిసిపోయి, ఇంకెప్పుడురా బాబూ అని పేజీలు తిప్పడం. ఇంగ్లీషు ఫాంటసీలో దీనికి పెద్ద మార్కెట్టే ఉంది, అందులోనూ గ్రీసు, రోముల్ని పోలిన ఊహాలోకాల్లో జరిగే కథలకి ఒక ప్రత్యేకమైన గిరాకీ ఉంది. ఆ లోకాలే ఎందుకు? పాలరాతి స్తంభాలు, ఆలివ్ తోటలు, భుజం మీంచి జారే వస్త్రాలు అందంగా ఉంటాయి కాబట్టి అని చాలామంది రచయితలే అనుకుంటున్నట్టుంది, అందుకే వాళ్ల కథల్లో స్తంభాలుంటాయి తప్ప నిప్పుండదు. అసలు విషయం వేరు. నెమ్మదిగా సాగే ప్రేమకథకి కావాల్సింది ఆలస్యం కాదు, ఆలస్యానికి నమ్మదగిన కారణం. ఆ కారణాలు ప్రాచీన లోకంలో అడుగడుగునా ఉన్నాయి.

మన దగ్గర ఆన్‌లైన్ ధారావాహికల్లో ఎక్కువమంది చదివే బాపతు ‘పెళ్లి తర్వాత ప్రేమ’. పెద్దలు కుదిర్చిన పెళ్లి, ఒకే గదిలో ఇద్దరు అపరిచితులు, మధ్యలో దిండు. సరుకు మంచిదే. చిక్కెక్కడంటే ముప్పయ్యో భాగానికి వచ్చేసరికి కథని ఆపడానికి అపార్థం తప్ప ఇంకో కారణం మిగలదు, ఆ అపార్థం కూడా ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో తీరిపోయేదే. హీరో ఎవరో అమ్మాయితో మాట్లాడుతుంటే హీరోయిన్ చూస్తుంది, అడగదు, అరవై భాగాలు ఏడుస్తుంది. ఇక్కడ రచయిత చెయ్యి అడ్డుపెట్టి ఆపుతున్నట్టు తెలిసిపోతుంది, విసుగొచ్చేది అందుకే.

అదే పెళ్లిని ప్రాచీన ఏథెన్స్‌లో పెట్టి చూస్తే పరిస్థితి మారిపోతుంది. అక్కడ పెళ్లి ఒప్పందం అమ్మాయి తండ్రికీ వరుడికీ మధ్య జరిగేది, అమ్మాయి అందులో ఒక పక్షమే కాదు. గ్రీకు రచయిత జెనోఫోన్ రాసిన గృహనిర్వహణ సంభాషణలో ఇస్కోమాకస్ అనే ఆసామి, తన భార్య కాపురానికి వచ్చేనాటికి ఇంకా పదిహేను కూడా నిండలేదని చెబుతాడు. అన్నదమ్ములు లేని ఆడపిల్ల అయితే తండ్రి ఆస్తితో పాటు ఆమె కూడా తండ్రి తరఫు దగ్గరి బంధువుకి వెళ్లాలి, చట్టం అలాంటిది. ఇప్పటి రచయిత వయసులు ఎలాగూ పెంచుకుంటారు, పెంచాలి కూడా. కానీ ఆ కట్టు మాత్రం ఉంచుకోవచ్చు: మాట్లాడే హక్కు లేని చోట ఇద్దరి మధ్య ప్రతి మాటా లెక్కలోకొస్తుంది. ఆమె అతని పేరు మొదటిసారి పలకడమే ఒక ఘట్టం అవుతుంది, దానికి డ్రామా అక్కర్లేదు.

దూరం సంగతీ అంతే. మధ్యధరా సముద్రం మీద చలికాలంలో ఓడలు తిరగడం బాగా తగ్గిపోయేది. నవంబర్ 11 నుంచి మార్చి 10 వరకు సముద్రం మూసేసినట్టే అని రోమన్ యుద్ధవిద్య మీద రాసిన వెజీషియస్ తేదీలతో సహా చెప్పాడు. అంటే అక్టోబర్ చివర్లో ఓడెక్కినవాడి క్షేమం వసంతం దాకా తెలియకపోవచ్చు. నాలుగు నెలలు! బ్లూ టిక్ పడి రిప్లై రాకపోతేనే మనకి టెన్షన్. ఇక్కడ ఆమె వాడు బతికున్నాడో లేడో తెలియకుండా, తన కోపం అలా ఉండగానే, నాలుగు నెలలు వండాలి, వడకాలి, నవ్వాలి. ఆ నాలుగు నెలల్లోనే ఆమె మనసు మారుతుంది, అతను పక్కన లేకుండానే. చాలామంది ఈ ఎడబాటుని ‘నాలుగు నెలలు గడిచాయి’ అని ఒక్క వాక్యంలో దాటేస్తారు, బంగారం లాంటి సరుకు పారబోసుకోవడమే అది.

ఉత్తరాల విషయంలో ఒక నిజమైన ముక్క ఉంది. ఇంగ్లండు ఉత్తరాన, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడకి దగ్గర్లో, విందోలాండా అనే రోమన్ సైనిక శిబిరం ఉండేది. 1973 నుంచి అక్కడి బురదలో పల్చటి చెక్క పలకల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరుకుతూ వచ్చాయి. వాటిలో ఒకటి సుమారు క్రీ.శ. 100 నాటిది, క్లాడియా సెవెరా అనే ఆమె తన స్నేహితురాలు సల్పీసియా లెపిడినాని సెప్టెంబర్ 11న తన పుట్టినరోజుకి రమ్మని పిలుస్తోంది. ఉత్తరంలో ఎక్కువ భాగం లేఖకుడి చక్కటి దస్తూరీలో ఉంది. చివర్లో దస్తూరీ మారుతుంది. కాస్త వంకరగా, ‘నీ కోసం ఎదురుచూస్తుంటాను చెల్లీ’ అన్న అర్థం వచ్చే మాటలు, అవి సెవెరా తన చేత్తో రాసినవి. ఇది ప్రేమలేఖ కాదు, ఇద్దరు అధికారుల భార్యల స్నేహం. అయినా స్లో బర్న్ రాసేవాళ్లు ఈ పలక ముందు ఒక రోజు కూర్చోవాలి.

ఉదాహరణకి ఇలా అనుకుందాం. సరిహద్దు కోటలో ఒక లేఖకుడు. చదువు రాని ఒకామె, దూరాన ఉన్న కాబోయే భర్తకి అతని చేత ఉత్తరాలు రాయిస్తుంటుంది. ఆమె చెప్పే మాటలు వేరేవాడి కోసం, వినేది ఇతను. మొదట్లో చెప్పింది చెప్పినట్టు రాస్తాడు, తర్వాత ఒక మాట అందంగా మారుస్తాడు, అవతల నుంచి ఆ మాటకే జవాబొస్తుంది, ఇతను అది ఆమెకి చదివి వినిపించాలి. ఈ మధ్యలో ఆమె అక్షరాలు నేర్చుకుంటోంది, ఇతని దగ్గరే. ఏదో ఒక రోజు ఆఖరి వాక్యం తనే రాస్తానంటుంది, ఏం రాస్తుందో ఇతనికి కనపడకుండా పలక తన వైపు తిప్పుకుంటుంది. ముద్దు లేదు, చెయ్యి తగల్లేదు, అయినా గది వేడెక్కింది. ఈ కథని ఫోన్ల కాలంలో పెడితే నిలబడదు.

మొక్కులు, వ్రతాలు, ఒట్లు ఇంకో గని. రోములో వెస్టా దేవత గుడిలో నిప్పు ఆరిపోకుండా చూసే కన్యలు ఆరుగురు. వాళ్లని ఆరు నుంచి పదేళ్ల లోపు వయసులో ఎంచుకునేవారు. సేవ ముప్పయ్యేళ్లు: పదేళ్లు నేర్చుకోవడం, పదేళ్లు చేయడం, పదేళ్లు నేర్పడం. గడువు తీరాక పెళ్లి చేసుకోవచ్చు, చేసుకున్నవాళ్లు బహు తక్కువ. మధ్యలో వ్రతం తప్పిందని తేలితే చిన్న భూగృహంలో ఒక దీపం, కాస్త రొట్టె, నీళ్లు, పాలు పెట్టి పైన మన్ను కప్పేసేవారు. ఫాంటసీ రచయితకి ఇక్కడ కల్పించాల్సిందే తక్కువ. ఆమెకి ముప్పయ్యారు, వ్రతం ముగియడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది అనుకుంటే చాలు, ప్రతి అధ్యాయం తలకట్టులో ఒక అంకె తగ్గుతూ ఉంటుంది. సైనికుడికి కూడా ఇలాంటి బేడీ ఒకటుంది, రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలం నుంచి దాదాపు రెండు వందల ఏళ్లు మామూలు రోమన్ సిపాయికి కొలువులో ఉండగా చట్టబద్ధమైన పెళ్లి లేదు. శిబిరాల పక్కన కాపురాలు ఉండేవి, పిల్లలూ పుట్టేవారు, కాగితం మీద మాత్రం ఏమీ లేదు.

ఇక ఫాంటసీ అన్నాక దేవతలు, మాయలు ఉంటాయి. చిక్కంతా ఇక్కడే. గ్రీకు దేవతల్ని తెచ్చుకుంటే వాళ్లతో పాటు ఈరోస్ కూడా వస్తాడు, వాడి బాణం తగిలిందా క్షణంలో ప్రేమ. మన మన్మథుడిలాగే. స్లో బర్న్‌కి ఇంతకంటే శత్రువు లేడు. విధి కలిపిన జంట, పుట్టుకతోనే ఒకరి కోసం ఒకరు అని మణికట్టు మీద మచ్చలున్న జంట, ఇవన్నీ ఆ బాణం కొత్త వేషాలే. పాఠకుడికి మొదటి పేజీలోనే ఫలితం చెప్పేసి మూడు వందల పేజీలు నడిపించడం ఎలా?

క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకు కవి అపొలోనియస్ దీనికి దారి చూపించాడు. ఆర్గో ఓడ యాత్ర మీద అతను రాసిన కావ్యం మూడో భాగంలో ఈరోస్ రాజు కూతురు మెడియా గుండెల్లోకి బాణం వేస్తాడు, సూటిగా, వెంటనే. అంతే, ఇక కవి తొందరపడడు. ఆమె మనసు పడ్డ జేసన్, ఆ ఓడ నాయకుడు, ఆమె తండ్రికి శత్రువు, వాడికి సాయం చేస్తే ఇంటికి ద్రోహం. రాత్రి మెడియా ఒంటి వస్త్రంతో, చెప్పుల్లేని కాళ్లతో అక్క గదికి వెళ్దామని తలుపు తీస్తుంది, గడప దగ్గర ఆగిపోతుంది, సిగ్గుతో వెనక్కి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. మూడుసార్లు. నాలుగోసారి మంచం మీద బోర్లా పడిపోతుంది. తర్వాత మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, విషం తీద్దామని తాళ్లు కూడా విప్పి, బతుకులో ఉన్న తీపి గుర్తొచ్చి పక్కన పెట్టేస్తుంది. ఇక తెల్లవారడమే ఆలస్యమన్నట్టు మాటిమాటికీ తలుపు గడియ తీసి బయటికి చూస్తుంది. చివరికి మంత్రవిద్యల దేవత హెకాటే గుడి దగ్గర ఇద్దరూ ఎదురుపడినప్పుడు మాటల్లేవు, గాలి లేని కొండ మీద పక్కపక్కనే పాతుకున్న చెట్లలా నిలబడతారు, గాలి వచ్చినప్పుడే ఆ ఆకులు గలగలలాడతాయి అంటాడు కవి.

బాణం దేవుడు వేశాడు. గడప దగ్గర ఆగింది మాత్రం మెడియా. దేవుడు కోరిక ఇవ్వొచ్చు, నిర్ణయం ఇవ్వలేడు అన్న ఈ చిన్న తేడా పట్టుకున్న రచయిత మాయని ఎంతైనా వాడుకోవచ్చు. (ఆ తర్వాత మెడియా కథ ఎటు పోయిందో తెలిసినవాళ్లకి ఈ రాత్రి ఇంకో రకంగా వణుకు పుట్టిస్తుంది, అది వేరే సంగతి.) మాయ కథని దగ్గర దారిన తీసుకెళ్తే స్లో బర్న్ చచ్చిపోతుంది, మాయే అడ్డుగోడ అయితే బతుకుతుంది. రోమన్ రచయిత అపులీయస్ చెప్పిన క్యూపిడ్ (రోమన్ల ఈరోస్), సైకీల కథలో జరిగేది ఇదే, భర్త చీకట్లో మాత్రమే వస్తాడు, మొహం చూడకూడదు. ఆమె దీపం ఎత్తి చూసినప్పుడు నూనె చుక్క అతని భుజం మీద పడుతుంది. కాపురం ఎప్పుడో మొదలైంది, ఒకరినొకరు తెలుసుకోవడం మాత్రం ఆ కాలిన మచ్చతో మొదలైంది.

మంచి స్లో బర్న్‌కి ఇద్దరూ కుర్రవాళ్లే కానక్కర్లేదు, కొత్తవాళ్లూ కానక్కర్లేదు. హోమర్ కావ్యం ఒడిస్సీ చివర్లో పెనెలోపీ చేసేది చూడండి. ఇరవై ఏళ్ల తర్వాత భర్త ఒడీసియస్ తిరిగొచ్చాడు, ఆమెని పెళ్లాడతామని ఇంట్లో తిష్టవేసిన నూట ఎనిమిది మంది పోరు తీర్చేశాడు, కొడుక్కి తండ్రి ఎవరో తెలిసింది, దాది కాలి మచ్చ చూసి గుర్తుపట్టింది. ఇంకెవరైనా అయితే పరుగెత్తుకెళ్లి వాటేసుకునేవారు. ఆమె గోడవారన, అతనికి ఎదురుగా కూర్చుని మాట్లాడదు. ఒకసారి అతనే అనిపిస్తాడు, ఇంకోసారి ఆ చింపిరి బట్టల్లో కాదనిపిస్తాడు. నీ గుండె రాయి అని కొడుకు కోప్పడతాడు. అప్పుడు ఆమె చాలా మామూలుగా, అతనికి పక్క వేయించే నెపంతో, మంచాన్ని గది బయట వెయ్యమని దాదికి చెబుతుంది. అతనికి ఒళ్లు మండుతుంది: ఆ మంచాన్ని ఎవరు కదిలించారు? అది నేలలో వేళ్లున్న ఆలివ్ చెట్టు మొదలుని కోడుగా చెక్కి తను కట్టింది, కదలదు. ఆ రహస్యం వాళ్లిద్దరికీ, ఒక్క దాసికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. అంతసేపు అందర్నీ బోల్తా కొట్టించినవాడు భార్య వేసిన ఒక్క ఎత్తుకి దొరికిపోతాడు. ఆ రాత్రి పొడవు పెంచడానికి అథీనా దేవత తెల్లవారకుండా ఆపింది. కథంతా సముద్రం మీద ఆలస్యం చేసిన దేవతలు చివర్లో ఆలస్యాన్ని కానుకగా ఇచ్చారన్నమాట.

దాఫ్నిస్, క్లోయిల కథని మిగతా గ్రీకు ప్రేమనవలలతో పోల్చితే తేడా తెలుస్తుంది. దీంతో కలిపి పూర్తిగా మిగిలినవి ఐదే. వాటిలో మూడింట జంట ఏదో ఉత్సవంలోనో, గుడి తంతులోనో కళ్లు కలపడం, క్షణంలో ప్రేమ, ఆపైన సముద్రదొంగలు, అపహరణలు, చచ్చిపోయారనుకున్నవాళ్లు లేచిరావడం. అది ఎడబాటు కథ, స్లో బర్న్ కాదు. మనసు మొదటి రోజు ఎక్కడుందో ఆఖరి రోజూ అక్కడే ఉంటుంది. ఇప్పటి ఫాంటసీల్లో సగం ఈ పొరపాటే చేస్తాయి, యుద్ధాలతో పేజీలు నింపి దానికి స్లో బర్న్ అని పేరు పెడతాయి.

ఇక దాటవేయకూడని ముల్లు ఒకటుంది. బానిసత్వం. రోము, గ్రీసుల ప్రేరణతో లోకాన్ని కట్టి, అందులో యజమానికీ బానిసకీ మధ్య ప్రేమ పుట్టించడం ఈ బాపతులో బాగా నలిగిన దారి. అధికారంలో అంత తేడా ఉన్నచోట ‘అవును’ అన్న మాటకి విలువెంత? కాదనే వీలు లేనివాళ్ల మౌనాన్ని బిడియంగా చూపించడం మోసం, ఎంత అందంగా రాసినా. ‘విడుదల చేశాడు కాబట్టి ఇక సమానం’ అనే తీర్పు కూడా అంత తేలిగ్గా చెల్లదు, అగస్టస్ తెచ్చిన చట్టాల్లో, తనని విడిపించిన యజమానినే పెళ్లాడిన స్త్రీకి, అతను ఒప్పుకోకుండా విడిపోయి ఇంకొకరిని చేసుకునే దారి లేదు.

ఇంగ్లండులోని సౌత్ షీల్డ్స్‌లో దొరికిన ఒక సమాధి రాయి ఈ చిక్కునంతా ఒకచోట చూపిస్తుంది. రెజీనా అనే స్త్రీది. బ్రిటన్‌లోని ఒక తెగలో పుట్టింది, సిరియా ఎడారి నగరం పల్మైరా నుంచి వచ్చిన బరాతెస్‌కి బానిస అయింది, అతనే విడిపించి పెళ్లి చేసుకున్నాడు, ముప్పయ్యేళ్లకి చనిపోయింది. రాతి మీద ఆమె అల్లిక కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒక పక్క నగలపెట్టె, ఇంకో పక్క ఊలు ఉండల బుట్ట, ఒళ్లో కదురు. లాటిన్ శాసనంలో ‘విడుదలైన స్త్రీ, భార్య’ అని ఉంది. కింద అతని మాతృభాషలో, బహుశా ఆ ఊళ్లో చదవగలిగినవాళ్లు ఏ కొద్దిమందో ఉండే లిపిలో, ఇంకొక పంక్తి: ‘బరాతెస్ విడిపించిన రెజీనా, అయ్యో’. భార్య అన్న మాట అక్కడ లేదు. ఆ ‘అయ్యో’ నిజమైనదే అని చదివితేనే తెలుస్తుంది. ఆమె ఏమనుకుందో మాత్రం రాయిలో ఎక్కడా లేదు. ఈ జంట కథ రాయదలచినవాళ్లు ఆ ఖాళీ నుంచి మొదలుపెట్టాలి, అతని ‘అయ్యో’ నుంచి కాదు.

తెలుగులో రాసేవాళ్లు ఈ లోకాల కోసం లెస్బోస్ దాకా వెళ్లాలా అంటే, అక్కర్లేదు. రోము ఓడలు ఈజిప్టు నుంచి నైరుతి గాలి పట్టుకుని భారతదేశం వచ్చి, గాలి మళ్లే దాకా ఇక్కడ ఆగి, చలికాలంలో వెనక్కి వెళ్లే రోజుల్లోనే ఇక్కడ శాతవాహనులు ఏలుతున్నారు. 1వ శతాబ్దపు గ్రీకు ఓడయాత్రా గ్రంథంలో మన కృష్ణా తీరపు మసాలియా పేరు, అక్కడి సన్నటి నూలుబట్టల ప్రస్తావన ఉన్నాయి. నల్గొండ నేలలో రోమన్ నాణేలు బయటపడ్డాయి, నాగార్జునకొండలో ఇటుకలతో కట్టిన మెట్ల ఆటస్థలం దొరికింది. గాలి మళ్లే దాకా ఆగిపోయిన పరదేశి, కాలం దాటితే తిరిగిరాని ఓడ, ఇంతకన్నా ఏం కావాలి?

అడ్డంకుల సంగతి సరే, తాపం ఎలా ఉండాలో కూడా ఇక్కడే ఉంది. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే ప్రాకృత గాథాసప్తశతిలో ఏడు వందల పద్యాలున్నాయి, ఒక్కోటి రెండు పంక్తులే. అందులో ఒకటి చలివేంద్రంలో జరుగుతుంది. బాటసారి దోసిలి పట్టి, తల పైకెత్తి ఆమెనే చూస్తూ నీళ్లు తాగుతున్నాడు. దాహం ఎప్పుడో తీరింది. అందుకని వేళ్లు కొంచెం విడదీశాడు, నీళ్లు కిందికి కారిపోతున్నాయి. ఆమె అది చూసింది. చూసి, కడవ నుంచి పోసే ధారని ఇంకాస్త సన్నం చేసింది.